హ్యాంగర్‌లో పనిచేసేవాళ్లకు ట్రేడ్ షోలతో పనేంటి?

ప్రశ్న: బేస్ మెయింటెనెన్స్‌లో (విమానాన్ని హ్యాంగర్‌లోకి తెచ్చి చేసే పెద్ద పనుల్లో) నారోబాడీ (మధ్యలో ఒకే నడవా ఉండే) విమానాల మీద పనిచేస్తున్నాను. లైసెన్స్ వచ్చి కొంతకాలమైంది. ఈ ఏడాది షిఫ్ట్ నుంచి ఒకరిని ఏదైనా ట్రేడ్ షోకి పంపుతామని మా మేనేజర్ అంటున్నారు. సీనియర్లేమో అది సేల్స్ వాళ్ల జాతర, పెన్నులూ బ్యాగులూ తప్ప ఏమీ దొరకవంటున్నారు. వెళ్లాలా? వెళ్తే ఏ షోకి? అక్కడ విన్న క్లాసులు లైసెన్స్ రికార్డుకి పనికొస్తాయా?

సమాధానం:

వెళ్లండి. అయితే హ్యాంగర్‌లో మిమ్మల్ని వేధిస్తున్న సమస్యలు ఒకటో రెండో కాగితం మీద రాసుకుని మరీ వెళ్లండి. మీ సీనియర్లు చెప్పినదాంట్లో అబద్ధం లేదు. ఊరికే చూసొద్దామని వెళ్లినవాళ్లకు పెన్నులూ బ్యాగులే మిగులుతాయి. ఫలానా పార్టు ఇలా పదే పదే ఎందుకు పాడవుతోందో కనుక్కుందామని వెళ్లినవాళ్లకు మాత్రం అక్కడ కనిపించే మనుషులు ఇంకెక్కడా ఒకేచోట కనిపించరు. ఆ పార్టు తయారుచేసిన కంపెనీ ఇంజనీరు, దాన్ని రిపేరు చేసే షాపు మనిషి, అదే రకం విమానం మీద పనిచేసే ఇంకో ఎయిర్‌లైన్ మెకానిక్, ముగ్గురూ రెండు మూడు రోజుల పాటు ఒకే కప్పు కింద ఉంటారు. మామూలు రోజుల్లో వీళ్లలో ఒక్కరిని పట్టుకోవాలన్నా మన టెక్నికల్ సర్వీసెస్ (తయారీదారులతో సంప్రదించే ఇంజనీరింగ్ విభాగం) ద్వారా క్వెరీ పంపి రోజుల తరబడి ఎదురుచూడాలి.

ముందు ఏ షో అన్నది తేల్చుకోవాలి. షో అనగానే అందరికీ పారిస్, ఫార్న్‌బరో, దుబాయ్, సింగపూర్ గుర్తొస్తాయి. పారిస్ ఎయిర్ షో 1909లో మొదలైంది, ఇప్పుడు బేసి సంవత్సరాల్లో లె బూర్జేలో జరుగుతుంది. ఫార్న్‌బరో సరి సంవత్సరాల్లో వస్తుంది. ఇవన్నీ విమానాలు కొనేవాళ్లు, అమ్మేవాళ్లు, రక్షణ శాఖల అధికారుల కోసం జరిగేవి. ఆర్డర్ల ప్రకటనలు, గాల్లో విన్యాసాలు చూడ్డానికి బాగుంటాయి. కానీ కంపెనీ ఖర్చుతో, ఏడాదికి ఒక్కసారి వచ్చే అవకాశాన్ని అక్కడ వాడుకోమని మాత్రం చెప్పను. మనం అడిగే ప్రశ్నకు జవాబు చెప్పగల మనిషి ఆ షోకి వచ్చినా, ఆ రోజు అతన్ని కస్టమర్ మీటింగుల నుంచి వదలరు.

మన పనికి నేరుగా సంబంధించినవి ఏవియేషన్ వీక్ సంస్థ నడిపే ఎమ్ఆర్ఓ (మెయింటెనెన్స్, రిపేర్, ఓవర్‌హాల్) షోలు. అమెరికాస్, యూరప్, ఆసియా పసిఫిక్, మిడిల్ ఈస్ట్ అని విడివిడిగా జరుగుతాయి. వీటిలో అమెరికాస్ పెద్దది. ఊరు మారుతూ ఉంటుంది: 2023లో అట్లాంటా, 2024లో చికాగో, 2025లో మళ్లీ అట్లాంటా. ఆసియా పసిఫిక్ ఎక్కువగా సింగపూర్‌లోనే జరుగుతుంది. టూలింగ్, గ్రౌండ్ సపోర్ట్ పరికరాలు, కాంపొనెంట్ షాపులు, ఇంజన్ షాపులు, సాఫ్ట్‌వేర్, విడిభాగాల వ్యాపారులు అందరూ వస్తారు. నారోబాడీ మీద పనిచేసే మీకు ఇవే సరైనవి.

మీ స్నేహితులు వేరే విభాగాల్లో ఉంటే దారి వేరు. ఏవియానిక్స్ (విమానంలోని ఎలక్ట్రానిక్స్) షాపులవాళ్లకు ఎయిర్‌క్రాఫ్ట్ ఎలక్ట్రానిక్స్ అసోసియేషన్ ఏటా పెట్టే కన్వెన్షన్ ఉంది. ఈ సంస్థ 1957 నుంచి నడుస్తోంది. హెలికాప్టర్ల మీద పనిచేసేవాళ్లు హెలీ ఎక్స్‌పోకి వెళ్లేవారు, 2025 నుంచి దాని పేరు వెర్టికాన్. బిజినెస్ జెట్లవాళ్లకు ఎన్‌బీఏఏ (అమెరికా బిజినెస్ ఏవియేషన్ సంఘం) తన పెద్ద షోతో పాటు విడిగా మెయింటెనెన్స్ కాన్ఫరెన్స్ కూడా పెడుతుంది. రెండిట్లో ఒకటే ఎంచుకోవాలంటే నేనైతే ఆ చిన్నదానికే ఓటేస్తాను. చిన్న విమానాలవాళ్లకు జులై చివర్లో జరిగే ఓష్‌కోష్ ఎయిర్‌వెంచర్ ఉంది. పేరుకి విమాన ప్రియుల సంబరమే గానీ, షీట్ మెటల్, వెల్డింగ్, కాంపోజిట్, ఫ్యాబ్రిక్ కవరింగ్ పనులను స్వయంగా చేయించి నేర్పే వర్క్‌షాపులు అక్కడ ఉన్నంతగా ఇంకే షోలోనూ ఉండవు.

పెద్దగా పేరు వినిపించని సమావేశం ఒకటుంది. నా లెక్కలో మెయింటెనెన్స్ వాళ్లకు అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడేది అదే: 1949 నుంచి జరుగుతున్న ఏవియానిక్స్ మెయింటెనెన్స్ కాన్ఫరెన్స్, పొట్టిగా ఏఎమ్‌సీ. దాని పద్ధతి చూడండి. ఎయిర్‌లైన్స్ తమను వేధిస్తున్న సమస్యలను పార్ట్ నంబర్‌తో సహా ముందే రాసి పంపుతాయి. అన్నిటినీ ఒక పుస్తకంగా కూర్చి అందరికీ పంచుతారు. సమావేశంలో ఒక్కో అంశం చర్చకు రాగానే ఆ పార్టు తయారీదారు ప్రతినిధి హాలు మొత్తం వింటుండగా జవాబు చెప్పాలి. 'మాకూ అదే సమస్య ఉంది' అని ఇంకో ఎయిర్‌లైన్ లేస్తుంది, వెనకాల మరొకటి లేస్తుంది. మెయిల్‌లో అయితే 'మీ ఒక్కరి దగ్గరే ఇలా జరుగుతోంది' అని సరిపెట్టే కంపెనీ, పదిమంది కస్టమర్ల ముందు ఆ మాట అనలేదు. అడిగినవాళ్లకు జవాబు సరిపోకపోతే ఆ అంశాన్ని మూసెయ్యరు. సాధారణంగా టెక్నికల్ సర్వీసెస్, రిలయబిలిటీ ఇంజనీర్లు వెళ్తారు కాబట్టి మిమ్మల్ని పంపకపోవచ్చు. అయినా ఆ పుస్తకంలోకి మీ హ్యాంగర్ సమస్య ఎక్కించమని వాళ్లను అడగొచ్చు కదా. రిజిస్టర్ చేసేవాళ్లకు చిన్న జాగ్రత్త: ఎమ్ఆర్ఓ అమెరికాస్‌లో జరిగే మెకానిక్‌ల పోటీని కూడా ఏఎమ్‌సీ అనే అంటారు. దాని సంగతి కింద చెప్తాను.

ఇలాంటివే తయారీదారులు తమ ఆపరేటర్ల కోసం పెట్టే సమావేశాలు కొన్ని ఉన్నాయి. ఎయిర్‌బస్ ఒక్కో విమాన కుటుంబానికి విడిగా టెక్నికల్ సింపోజియం పెడుతుంది. దాసో కంపెనీ ఫాల్కన్ జెట్ల కోసం ఎమ్ అండ్ ఓ సెమినార్లు నడుపుతుంది. ఎన్‌డీటీ (పార్టును పాడుచేయకుండా లోపాలు వెతికే పరీక్షలు) మీద ఆసక్తి ఉంటే ఎయిర్‌లైన్స్ ఫర్ అమెరికా వాళ్ల ఎన్‌డీటీ ఫోరం ఉంది. వీటిలో స్టాళ్ల హంగామా తక్కువ, చర్చ ఎక్కువ.

పదిమంది ఒకచోట కూర్చుంటే ఏమొస్తుందన్న సందేహం ఉంటే అలోహా ఎయిర్‌లైన్స్ ఫ్లైట్ 243 సంగతి చూడండి. 1988 ఏప్రిల్ 28న ఆ బోయింగ్ 737 పైకప్పు ముందుభాగం గాల్లోనే ఊడిపోయింది. అప్పటికి ఆ విమానం 89,680 ఫ్లైట్ సైకిళ్లు (ఒక టేకాఫ్, ఒక ల్యాండింగ్ కలిపి ఒక సైకిల్) పూర్తిచేసింది. ల్యాప్ జాయింట్లలో (రేకులు ఒకదానిమీద ఒకటి అతికే చోట్ల) తుప్పు, ఊడిన బాండింగ్, రివెట్ రంధ్రాల దగ్గర ఒకదానితో ఒకటి కలిసిన పగుళ్లు. ఆ జూన్‌లోనే ఎఫ్ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) వయసు మళ్లిన విమానాల మీద అంతర్జాతీయ సదస్సు పెట్టింది. తయారీదారులు, ఎయిర్‌లైన్స్, అధికారులు కలిసి పనిచేసే బృందాలు ఆ తర్వాత ఏర్పడ్డాయి. పాత విమానాలకు తుప్పు నివారణ, నియంత్రణ కార్యక్రమాలు తప్పనిసరి అయింది ఆ వరసలోనే. మీరు హెవీ చెక్‌లో (విమానాన్ని విప్పి చేసే పెద్ద తనిఖీలో) గ్యాలీ, టాయిలెట్ల కింద ఫ్లోర్ ప్యానెళ్లు లేపి సీట్ ట్రాకుల మీద తుప్పు వెతుకుతున్నారంటే ఆ టాస్క్ కార్డు మూలం అక్కడుంది.

ఇక షోలో ఏం చేయాలి? ఆ తుప్పునే ఉదాహరణగా తీసుకుందాం. మీ ఫ్లీట్‌లో వెనక గ్యాలీ కింద సీట్ ట్రాక్ ప్రతి చెక్‌లోనూ తుప్పుపడుతోందనుకోండి. పార్ట్ నంబర్, విమానాల తయారీ వరస సంఖ్యలు, ఎన్ని గంటలకు ఎన్ని సైకిళ్లకు కనబడింది, ఏ సీలెంట్, ఏ తుప్పు నిరోధక పూత వాడారు, సంబంధించిన సర్వీస్ బులెటిన్ (తయారీదారు పంపే సూచన పత్రం) నంబర్ ఏది, ఇవన్నీ ఒక పేజీలో రాసుకోండి. ఫొటోలు తీసుకెళ్లాలంటే మాత్రం కంపెనీ అనుమతి కావాలి. విమానం రిజిస్ట్రేషన్ కనిపించే డ్యామేజ్ ఫొటోను ఫోన్‌లో చూపిస్తూ హాలంతా తిరిగితే మీ ఉద్యోగానికే ఎసరు.

స్టాల్ దగ్గర ముందు ఎదురయ్యేది సేల్స్ మనిషి. ఆయన తప్పేమీ లేదు, ఆయన పని ఆయనది. రెండు మాటలయ్యాక 'మీ ప్రాడక్ట్ సపోర్ట్ ఇంజనీరు వచ్చారా, ఎన్ని గంటలకు ఉంటారు?' అని అడిగి టైమ్ తీసుకోండి. మొదటి రోజు ఉదయం పెద్ద పెద్ద వాళ్ల రాకపోకలతో ఎవరూ దొరకరు. చివరి రోజు మధ్యాహ్నానికి సగం స్టాళ్లు సర్దేసుకుంటాయి. రెండో రోజు భోజనం తర్వాత, చివరి రోజు ఉదయం, ఈ రెండు పూటలే తీరిగ్గా మాట్లాడే మనుషులు దొరికేవి. సెషన్లను మిగతా సమయంలో పెట్టుకోండి.

డెమో చూసేటప్పుడు అది మన హ్యాంగర్‌లో జరుగుతున్నట్టు ఊహించుకుని చూడాలి. ఒక సీలెంట్ స్టాల్ దగ్గర ఇంత త్వరగా గట్టిపడుతుందని గొప్పగా చెప్తుంటే, నాతో ఉన్న షీట్ మెటల్ మనిషి 'ఏ ఉష్ణోగ్రత దగ్గర, తేమ ఎంత ఉంటే?' అని ఒకే ఒక్క ప్రశ్న వేశాడు. అవతలి మనిషి డేటా షీట్ వెతకడం మొదలుపెట్టాడు. ఏసీ హాల్లో శుభ్రంగా తుడిచిన ప్లేటు మీద ఏదైనా అంటుకుంటుంది. బోరోస్కోప్ (ఇంజన్ లోపల చూసే సన్నని కెమెరా) అమ్మేవాళ్ల దగ్గర కొత్త బ్లేడు మీద కాకుండా మసిపట్టిన బ్లేడు మీద చూపించమనండి, కొలత తీయించండి, అదే కొలత మీ చేత్తో మళ్లీ తీసి తేడా ఎంతొస్తుందో చూడండి. టార్క్ రెంచ్, క్రింపింగ్ టూల్, ఏది చూసినా ధర కన్నా ముందు కాలిబ్రేషన్ గురించి అడగండి. ఎవరు చేస్తారు, సర్టిఫికెట్ ఏ జాతీయ ప్రమాణానికి ముడిపడి ఉంటుంది, పంపితే ఎన్నాళ్లకు తిరిగొస్తుంది, అప్పటిదాకా వాడుకోడానికి ఇంకోటి ఇస్తారా? ఇదే టూల్ మాన్యువల్‌లో చెప్పిన టూల్‌కి బదులుగా వాడదగినదని అంటే, ఆ సమానత్వానికి ఆధారంగా వాళ్ల దగ్గర ఏ కాగితం ఉందో చూడండి. బదులు టూల్ వాడటానికి మన సంస్థ ప్రొసీజర్ ప్రకారం అనుమతి కావాలి. సేల్స్ మనిషి 'అన్ని చోట్లా ఇదే వాడుతున్నారు' అన్నంత మాత్రాన సరిపోదు.

ఇది బాగా గుర్తుంచుకోండి. షోలో విన్నది ఏదీ అప్రూవ్డ్ డేటా (పనికి ఆధారంగా వాడదగిన ఆమోదిత సమాచారం) కాదు. తయారీదారు ఇంజనీరే స్వయంగా, తన టైప్ డిజైన్ గురించి, మీ భుజం తట్టి చెప్పినా కాదు. 'ఆ లిమిట్ ఇంకొంచెం దాటినా ఫర్వాలేదు, మేం మాన్యువల్ మార్చబోతున్నాం' అని అక్కడ నిజంగానే వినబడుతుంది. అది నిజమే కావచ్చు. కానీ తర్వాతి రోజు రాత్రి షిఫ్ట్‌లో సీఆర్ఎస్ (పని పూర్తయింది, విమానం ఎగరొచ్చని ఇచ్చే సర్టిఫికెట్) మీద సంతకం పెట్టేది మీరు. కాబట్టి అక్కడ విన్నదాన్ని క్వెరీగా మార్చి, విజిటింగ్ కార్డు మీద రాసుకున్న పేరుకి కాపీ పెట్టి, టెక్నికల్ సర్వీసెస్ ద్వారా అధికారికంగా పంపించండి. రాతపూర్వకంగా జవాబొచ్చి, అవసరమైతే రిపేర్ అప్రూవల్ వచ్చాకే అది పనిలోకి రావాలి. షో వల్ల లాభమేంటంటే, ఆ క్వెరీ ఎవరి టేబుల్ మీదికి వెళ్లాలో, ఏ మాటల్లో అడిగితే సూటిగా జవాబొస్తుందో మీకు ముందే తెలిసి ఉంటుంది.

ఎవరూ చేయని పని ఇంకొకటి చెప్తాను. మాన్యువల్‌లో అర్థం కాని, తప్పుగా ఉన్న టాస్కులు అందరి దగ్గరా ఉంటాయి. బొమ్మలో ఒకలా, స్టెప్‌లో ఇంకోలా. ఎక్కడుందో చెప్పని వాషర్. విప్పమని చెప్పి బిగించడం మర్చిపోయిన క్లాంప్. వాటిని చూసి నవ్వుకుని పని కానిచ్చేస్తాం. నిజానికి మెయింటెనెన్స్ సంస్థలకు వర్తించే పార్ట్ 145 నిబంధనల్లో మాన్యువల్‌లో కనబడ్డ తప్పులను నమోదుచేసి రాసినవాళ్లకు తెలియజేయడానికి ప్రొసీజర్ ఉండాలి. పెద్ద తయారీదారుల స్టాళ్ల దగ్గర టెక్నికల్ పబ్లికేషన్స్ వాళ్లు ఖాళీగానే కనిపిస్తారు, ఎవరూ వాళ్లను అడగరు. టాస్క్ నంబర్లతో వెళ్లి మాట్లాడితే వాళ్లకూ సంతోషం, పంపిన రిపోర్టు కూడా త్వరగా కదులుతుంది.

ఉచిత బహుమతుల గురించి సరదాగా అన్నారు కానీ, అందులో అసలైన ప్రమాదం ఉంది. స్టాల్‌లో ఇచ్చిన చిన్న టార్చి, స్క్రూడ్రైవర్, స్కేలు తెచ్చి టూల్ బాక్స్‌లో వేసేస్తారు. షాడో బోర్డులో (ఒక్కో టూల్ ఆకారం గీసి ఉండే బోర్డులో) దానికి చోటు లేదు, లిస్టులో నంబర్ లేదు. పోయినా ఎవరికీ తెలియదు, దొరికేది ఫ్లైట్ కంట్రోల్ కేబుల్ పక్కన. శాంపిల్ సీలెంట్ డబ్బాలు, గ్రీజ్ ట్యూబులు అంతకన్నా ఘోరం: బ్యాచ్ నంబర్ రికార్డు లేదు, సర్టిఫికెట్ లేదు, షెల్ఫ్ లైఫ్ ఎవరూ చూడరు. ఇవి హ్యాంగర్ గేటు దాటకూడదు.

విడిభాగాల వ్యాపారుల స్టాళ్లు సంఖ్యలో ఎక్కువ. వాడిన సర్వీసబుల్ పార్టులు అమ్మేవాళ్లు, పీఎమ్ఏ (అసలు తయారీదారు కాకుండా వేరేవాళ్లు ఎఫ్ఏఏ ఆమోదంతో చేసే) పార్టులవాళ్లు, విమానాలను విడగొట్టేవాళ్లు. కొనడం మీ పని కాదు కాబట్టి దాటిపోవచ్చు అనిపిస్తుంది. కానీ ఇన్‌కమింగ్ ఇన్‌స్పెక్షన్ చేసే మనిషితోనో, స్టోర్స్ మనిషితోనో కలిసి అక్కడ ఒక గంట గడపండి. పాత కాగితాలను, ఎఫ్ఏఏ 8130-3, ఈయాసా (యూరప్ నియంత్రణ సంస్థ) ఫారం 1 రిలీజులను, అంటే పార్టు వాడొచ్చని ఇచ్చే సర్టిఫికెట్లను, ఎలా చూస్తారో, పార్టు చరిత్రను ఎంత వెనక్కి చూపించగలరో అడిగితే ఎవరు గట్టివాళ్లో తెలిసిపోతుంది. 2023లో బయటపడ్డ ఏఓజీ టెక్నిక్స్ వ్యవహారం గుర్తుండే ఉంటుంది. లండన్ కేంద్రంగా ఉన్న ఆ వ్యాపార సంస్థ సీఎఫ్ఎమ్56 ఇంజన్ల పార్టులను నకిలీ రిలీజ్ కాగితాలతో అమ్మింది. అనేక దేశాల ఎయిర్‌లైన్స్ ఇంజన్లు దించి పార్టులు మార్చాల్సి వచ్చింది. దాన్ని పట్టుకున్నది పోర్చుగల్ విమానసంస్థ టీఏపీ (TAP) మెయింటెనెన్స్ విభాగం: కాగితంలో కొత్తదని ఉన్న పార్టు చేతిలోకి తీసుకుంటే పాతదానిలా కనిపించింది. వాళ్లు తయారీదారును అడిగారు, ఆ కాగితం తమది కాదని జవాబొచ్చింది. కాగితాన్నీ పార్టునూ పక్కపక్కన పెట్టి చూసే అలవాటు ఎంత విలువైనదో తెలియాలంటే ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు. షోలలో నకిలీ పార్టుల మీద సెషన్లు కూడా పెడుతుంటారు, వీలుంటే వినండి.

కొత్త టెక్నాలజీ స్టాళ్లకు జనం ఎగబడతారు. నాకు వాటి మీద వ్యతిరేకత లేదు, తొందరా లేదు. ఎయిర్‌బస్ హ్యాంగర్‌లో వాడే ఇన్‌స్పెక్షన్ డ్రోన్‌ను 2018లో ఎమ్ఆర్ఓ అమెరికాస్‌లోనే బయటపెట్టింది. స్టాల్‌లో చూసినప్పుడు రేపే మన స్టాండులు పీకేస్తారనిపించింది. మీ హ్యాంగర్‌లో ఇప్పటికీ మనిషే స్టాండ్ ఎక్కి చూస్తున్నాడు కదా! ఒక వస్తువు షోలో కనిపించడానికీ, మాన్యువల్‌లో టాస్కుగా మారి మన అప్రూవల్‌లోకి రావడానికీ మధ్య ఏళ్లు గడుస్తాయి. కాబట్టి డ్రోన్ వాళ్లను అడగాల్సింది 'ఏ టాస్కుకు, ఎవరి మాన్యువల్‌లో ఇది ఆమోదమైంది?' అని. పాడవకముందే చెప్పేస్తామనే ప్రిడిక్టివ్ సాఫ్ట్‌వేర్ వాళ్లను అడగాల్సింది, వాళ్ల మాట విని తీసేసిన పార్టుల్లో షాపులో తప్పేమీ దొరకనివి ఎన్ని అని. జవాబు తడుముకుంటే ముందుకు నడవండి.

మెకానిక్‌ల పోటీ గురించి చెప్తానన్నాను కదా. ఏరోస్పేస్ మెయింటెనెన్స్ కాంపిటిషన్ ఎమ్ఆర్ఓ అమెరికాస్‌తో పాటే జరుగుతుంది. ఐదుగురి జట్లు, ఎయిర్‌లైన్స్, రిపేర్ స్టేషన్లు, సైన్యం, మెయింటెనెన్స్ స్కూళ్ల నుంచి వస్తాయి. సేఫ్టీ వైర్, బోరోస్కోప్, వైరింగ్ లోపం కనిపెట్టడం, రిగ్గింగ్, కాంపోజిట్ రిపేర్ లాంటి పనులు, ఒక్కోదానికి 15 నిమిషాలు. తప్పుకు పెనాల్టీ. పాల్గొనకపోయినా వెళ్లి నిలబడి చూడండి. వేరే ఎయిర్‌లైన్ మనిషి అదే సేఫ్టీ వైర్ పని చేస్తుంటే చేతులు ఎక్కడ పెడుతున్నాడో, మాన్యువల్ ఎప్పుడు తిరగేస్తున్నాడో చూస్తే మన హ్యాంగర్‌లో ఏది అలవాటో, ఏది ప్రమాణమో తేడా తెలుస్తుంది. చదువుకునే పిల్లలకు ఇది ఉద్యోగ మేళా కన్నా మేలు. పోటీకి సామాన్లిచ్చే కంపెనీల వాళ్లు, జట్ల మేనేజర్లు పక్కనే ఉంటారు, పనితనం వాళ్ల కళ్ల ముందే కనిపిస్తుంది.

మీ చివరి ప్రశ్న: లైసెన్స్ రికార్డుకి పనికొస్తుందా? ఏ నిబంధనల కింద పనిచేస్తున్నారన్న దాన్నిబట్టి ఉంటుంది. అమెరికా పద్ధతిలో ఇన్‌స్పెక్షన్ ఆథరైజేషన్ (పెద్ద రిపేర్లను, వార్షిక తనిఖీలను ఆమోదించే అధికారం) ఉన్న మెకానిక్‌లు దాన్ని నిలబెట్టుకోడానికి ఉన్న దారుల్లో ఒకటి ఎఫ్ఏఏ ఆమోదించిన 8 గంటల శిక్షణ. కొన్ని షోల సెషన్లకు ఆ ఆమోదం ముందే తీసుకుంటారు, ప్రోగ్రామ్‌లో ఆ సంగతి రాసి ఉంటుంది, హాజరు సర్టిఫికెట్ కూడా ఇస్తారు. యూరప్ పద్ధతిలో వేరు. పార్ట్ 66 లైసెన్స్ వాడుకోవాలంటే గడిచిన రెండేళ్లలో ఆరు నెలల మెయింటెనెన్స్ అనుభవం చూస్తారు, షోలో తిరిగింది దానికి లెక్కకు రాదు. సంస్థ ఇచ్చే రెండేళ్లకోసారి రికరెంట్ ట్రైనింగ్‌లో భాగంగా ఏదైనా సెషన్‌ను లెక్కించాలా వద్దా అన్నది మీ ట్రైనింగ్ విభాగం తేల్చాలి. వెళ్లేముందే ప్రోగ్రామ్ వాళ్లకు పంపి, ఏ సెషన్ ఒప్పుకుంటారో మెయిల్‌లో రాయించుకోండి. వచ్చాక అడిగితే ఒప్పుకునేవాళ్లు తక్కువ.

లెక్కకు రాకపోయినా హ్యూమన్ ఫ్యాక్టర్స్ (మనుషుల వల్ల తప్పులు ఎలా జరుగుతాయన్న) సెషన్ ఉంటే మానకండి. కంపెనీలో ఏటా అదే స్లైడ్లు చూసి మనకు విసుగు పుట్టి ఉంటుంది. గోర్డన్ డూపాంట్ 1993లో కెనడాలో తయారుచేసిన 'డర్టీ డజన్' (తప్పులకు దారితీసే పన్నెండు కారణాల) పోస్టర్లు అన్ని హ్యాంగర్ల గోడల మీదా ఉన్నాయి, ఎవరూ చదవరు. షోలో అదే విషయాన్ని వేరే ఎయిర్‌లైన్ వాళ్లు తమ దగ్గర జరిగిన సంఘటనతో చెప్తారు కాబట్టి చెవికెక్కుతుంది. 1990 జూన్ 10న బ్రిటిష్ ఎయిర్‌వేస్ 5390లో కాక్‌పిట్ అద్దం ఊడి కెప్టెన్ సగం బయటికి వెళ్లిపోయిన ఉదంతం మనకందరికీ తెలుసు. 90 బోల్టుల్లో 84 సన్నవి, 6 పొట్టివి. రాత్రి షిఫ్ట్‌లో, పాత బోల్టును పక్కన పెట్టి కంటితో పోల్చి తీసుకున్నారు. పార్టుల కేటలాగ్ చూస్తే తేలిపోయేది. ఈ కథను పదోసారి విన్నప్పుడు కాదు, పక్క సీటులోని మనిషి 'మా దగ్గరా పోయిన నెల ఇలాంటిదే జరగబోయింది' అన్నప్పుడు ఆలోచన మొదలవుతుంది. ఆ మాట సెషన్‌లో అనరు. బయట కాఫీ దగ్గర అంటారు. అందుకే సెషన్ అయిపోగానే పరుగెత్తకండి.

ఉద్యోగం మారాలనుకునేవాళ్లకూ షోలు ఉపయోగపడతాయి, కానీ కంపెనీ ఖర్చుతో వెళ్లి రెజ్యూమెలు పంచడం బాగుండదు. కావాలంటే సెలవు పెట్టి సొంతంగా వెళ్లండి. చాలా షోలలో ఈ రంగంలో పనిచేసేవాళ్లకు ఎగ్జిబిషన్ హాల్ ప్రవేశం ముందే రిజిస్టర్ చేసుకుంటే ఉచితం, డబ్బు కట్టాల్సింది కాన్ఫరెన్స్ సెషన్లకే.

రాత్రి షిఫ్ట్ ముగించుకుని నేరుగా ప్రయాణం పెట్టుకోవద్దు, తిరిగొచ్చిన రోజే షిఫ్ట్ ఎక్కొద్దు. రోస్టర్ వేసేవాళ్లతో ముందే మాట్లాడండి. షోని వాళ్లు సెలవు కింద లెక్కేస్తారు గానీ, రోజంతా కాంక్రీటు నేల మీద నడవడం హ్యాంగర్‌లో నడవడానికి తీసిపోదు.

మేనేజర్‌కి పంపే మెయిల్‌లో 'నేర్చుకోడానికి' అని రాయకండి. ఫలానా పార్టు గురించి ఫలానా మూడు కంపెనీలను కలుస్తాను, ఫలానా రెండు సెషన్లు వింటాను, వచ్చిన వారంలోపు షిఫ్ట్‌కి ఒక పేజీ నోట్ ఇస్తాను, టెక్నికల్ సర్వీసెస్‌కి క్వెరీల డ్రాఫ్టులు ఇస్తాను అని రాయండి. ఎగ్జిబిటర్ల జాబితా షో వెబ్‌సైట్‌లో నెలల ముందే పెడతారు కాబట్టి పేర్లు ఇప్పుడే రాయొచ్చు. ఆ మూడు కంపెనీలకూ ఇప్పుడే ఒక మెయిల్ పెట్టి, మీ పార్ట్ నంబర్ చెప్పి, దాని గురించి తెలిసిన ఇంజనీరు ఎవరైనా షోకి వస్తున్నారా అని అడగండి. ఎవరూ రావడం లేదని ముగ్గురూ చెప్తే ఈ ఏడాది ఆ షో వదిలేసి, ఆ ఖర్చుతో తయారీదారు సింపోజియంకో, ఇంకో షోకో పంపమని అడగండి.